కారుచౌక ఆటగాళ్లతో జట్టు కట్టడం: ఫుట్‌బాల్ మేనేజర్ 2024 సమీక్ష

డబ్బున్న క్లబ్బును ఎంచుకుని, పేరున్న ఆటగాళ్లను కొని, కప్పులు గెలవాలనుకునేవారికి ఈ సమీక్షతో పెద్దగా పని లేదు. ఖజానా ఖాళీగా ఉన్న చిన్న క్లబ్బును తీసుకుని, ఎవరూ పట్టించుకోని ఆటగాళ్లను ఏరుకుని, ఒక్కో డివిజన్ పైకి ఎక్కాలనుకునేవారికి, క్లబ్బు నిర్వహణను మన చేతికిచ్చే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024 ఎంతవరకు న్యాయం చేస్తుందన్నదే ఇక్కడ నా పరిశీలన. స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ రూపొందించి, సెగా ప్రచురించిన ఈ గేమ్ 2023 నవంబరు 6న విడుదలైంది. దీని వంశవృక్షం 1992 నాటి ఛాంపియన్‌షిప్ మేనేజర్ దగ్గర మొదలవుతుంది. ఆటగాళ్ల అన్వేషణకు ఈ గేమ్‌లోని ఆటగాళ్ల సమాచార భండారాన్ని (డేటాబేస్) వాడుకునేందుకు 2008లో ఎవర్టన్ క్లబ్ ఒప్పందం చేసుకుందంటే, దాని మీద నిజమైన ఫుట్‌బాల్ లోకానికి ఎంత గురి ఉందో ఊహించవచ్చు.

ప్రతి ఆటగాడి నైపుణ్యాలనూ 1 నుంచి 20 వరకు అంకెల్లో చూపే ఈ గేమ్‌లో, ధర మాత్రం ఆ అంకెలను బట్టి మాత్రమే నడవదు. ఆటగాడి పేరుప్రతిష్ఠలు, వయసు, ఆడుతున్న లీగ్ స్థాయి, కాంట్రాక్టులో మిగిలిన కాలం కలిసి ధరను ఎటు కావాలంటే అటు లాగుతాయి. చౌక బేరాలన్నీ ఈ సందులోనే దొరుకుతాయి. ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ 2014 జనవరిలో ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో ఉన్న లె ఆవ్ర్ నుంచి రియాద్ మహ్రెజ్‌ను, 2015లో మరో ఫ్రెంచ్ క్లబ్బు కాన్ నుంచి ఎన్‌గోలో కాంటేను తెచ్చుకుని, 2015–16లో ప్రీమియర్ లీగ్ గెలిచిన వైనం తెలిసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. నా అభిప్రాయంలో ఈ గేమ్ గొప్పతనం ఏమిటంటే, ఆ సూత్రాన్ని కథగా చెప్పకుండా లెక్కగా మన ముందు పెట్టి, తేల్చుకోమంటుంది.

నా జట్టులోని ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌నే చూద్దాం. వయసు 31. పేస్ (వేగం) 8, యాక్సిలరేషన్ (వేగం అందుకునే చురుకు) 9. ఈ రెండు అంకెలు చూడగానే చాలామంది పక్కన పెట్టేస్తారు. అదే పేజీలో ఇంకాస్త కిందికి వెళ్తే పొజిషనింగ్ (సరైన చోట నిలబడటం) 14, యాంటిసిపేషన్ (ఆటను ముందే పసిగట్టడం) 15, వర్క్ రేట్ (శ్రమించే గుణం) 16 కనిపిస్తాయి. మా డివిజన్‌లో ఆ స్థానానికి ఇంతకంటే మంచివాడు దొరకడం కష్టం. పాత క్లబ్బు అతన్ని అదనపు భారంగా చూస్తోంది, కాంట్రాక్టు ఆ సీజన్‌తో ముగుస్తోంది, కాబట్టి బదిలీ రుసుము సున్నా. అతన్ని రక్షణ వరుసకు ముందు కదలకుండా నిలబెట్టి, పరుగెత్తే పని పక్కనున్న కుర్రాళ్లకు అప్పగిస్తే, ఆ నెమ్మది మనకు లోపంగా కనిపించదు.

అయితే ఈ సరదా నిలవాలంటే ఒక షరతు ఉంది. గేమ్ మొదలుపెట్టేటప్పుడు ఆటగాళ్ల అంకెలను దాచి ఉంచే మాస్కింగ్‌ను తీసేయకూడదు. మాస్కింగ్ ఉన్నప్పుడు తెలియని ఆటగాడి టాక్లింగ్ (ఎదుటివారి నుంచి బంతి లాక్కునే నేర్పు) ఒకే అంకెగా కాక, 9–14 వంటి పరిధిగా కనిపిస్తుంది. ఆటగాళ్లను పరిశీలించే స్కౌట్ వెళ్లి చూసిన కొద్దీ ఆ పరిధి ఇరుకవుతుంది. నిలకడ, గాయాల బెడద, పెద్ద మ్యాచ్‌లలో తట్టుకునే గుణం వంటివి అంకెలుగా ఎప్పటికీ బయటపడవు, స్కౌట్ నివేదికలో ఒక వాక్యంగా మాత్రమే వస్తాయి. ఆ వాక్యాన్ని చదవకుండా నక్షత్రాల రేటింగ్‌ను నమ్ముకునేవారు సగం సమాచారాన్ని వదిలేస్తున్నట్టే. పైగా ఆ నక్షత్రాలు మన ప్రస్తుత జట్టుతో పోల్చి ఇచ్చేవి కాబట్టి, బలహీనమైన జట్టులో నాలుగు నక్షత్రాలంటే మురిసిపోవడానికేమీ లేదు.

బేరసారాల విభాగం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చౌక జట్టు భవితవ్యం అక్కడే తేలుతుంది. ఉచితంగా వచ్చే ఆటగాడి విషయంలో అసలు కంటే కొసరే ఎక్కువ: ఏజెంటు రుసుము, సంతకం బోనస్, మ్యాచ్‌కింత చొప్పున చెల్లింపు, ఏటా జీతం పెంపు, వీటన్నిటినీ కలిపి చూస్తే ఉచితం అన్న మాట కాగితం మీదే మిగులుతుంది. బడ్జెట్ పేజీలో బదిలీల సొమ్మును జీతాల వైపు జరిపే స్లైడర్ ఉంది. చిన్న క్లబ్బుతో ఆడేవారు ముందుగా ముట్టుకోవలసినది దాన్నే. కొనుగోళ్లలోనూ, నగదు తక్కువగా ఇచ్చి, మిగతాది వాయిదాల్లో కడతామని, తర్వాతి అమ్మకంలో వాటా ఇస్తామని చెబితే ఎదుటి క్లబ్బులు ఆశ్చర్యపడేంత సులభంగా ఒప్పుకుంటాయి. మొదట్లో ఇది తెలివైన బేరంలా ఉంటుంది, కొంతకాలానికి గేమ్‌లోని లొసుగులా అనిపించడం మొదలవుతుంది.

లోపాల మాటకొస్తే, కంప్యూటర్ నడిపే క్లబ్బులు ముప్పై దాటినవారిని అవసరానికి మించి త్వరగా వదిలేస్తాయి. వేసవి వచ్చేసరికి మంచి ఆటగాళ్లు ఏ క్లబ్బూ లేకుండా కుప్పలుగా మిగిలిపోతారు, దాంతో వెతికి పట్టుకున్నామన్న తృప్తి కొంత పలచబడుతుంది. మ్యాచ్‌ను లెక్కగట్టి నడిపే మ్యాచ్ ఇంజిన్ ఆటగాళ్ల వేగానికి ఇచ్చే ప్రాధాన్యం కూడా ఎక్కువే. వింగర్లు, స్ట్రైకర్ల విషయంలో మిగతా అంకెలు అంతంత మాత్రంగా ఉన్నా, వేగమొక్కటి ఉంటే చాలు అన్నట్టు ఫలితాలు వస్తాయి. నా మిడ్‌ఫీల్డర్ వంటివారు మధ్యలో మాత్రమే నెగ్గుకురాగలగడానికి కారణం ఇదే. ఇంగ్లండ్ క్లబ్బుతో ఆడేవారికి, విదేశీ ఆటగాళ్లకు పని అనుమతి ఇచ్చేందుకు లెక్కగట్టే వర్క్ పర్మిట్ పాయింట్ల నిబంధన మరో అడ్డంకి. దక్షిణ అమెరికాలో ఎంత చౌకైన కుర్రాడు కనిపించినా పాయింట్లు చాలకపోతే చాలాసార్లు వదులుకోవలసి వస్తుంది. దీన్ని నేను లోపంగా లెక్కించను, బయట ఉన్న నిబంధననే గేమ్ లోపలికి తెచ్చారు.

చౌకగా దొరుకుతున్నారని ఒకే వేసవిలో పదిమందిని దింపితే ఏమవుతుందో గేమ్ బాగానే చూపిస్తుంది. జట్టు ఐక్యత పడిపోతుంది, డ్రెస్సింగ్ రూమ్‌లో పాత నాయకుల మాట చెల్లదు, ఆడే అవకాశంపై ఇచ్చిన హామీలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. నాలుగైదు మంచి బేరాలతో ఆగినవారి జట్టే శరదృతువు నాటికి కుదురుకుంటుంది.

అమ్మకాల వైపు మాత్రం పాత కూర్పుల కంటే పరిస్థితి మెరుగైంది. అక్కర్లేని ఆటగాళ్లను వదిలించుకోవడానికి ఈ కూర్పులో కొత్తగా వచ్చిన మధ్యవర్తులు కమీషన్ తీసుకుని కొనేవారిని వెతికిపెడతారు. వారు తెచ్చే ధర ఒక్కోసారి చిరాకు పుట్టించినా, జీతాల పద్దు తేలికవుతుంది. చిన్న క్లబ్బుకు మొదట కావలసింది అదే కనుక, ఈ ఏర్పాటుకు నా మార్కులు పడతాయి. తర్వాతి కూర్పు 2025 ఫిబ్రవరిలో రద్దయి, ఆపైది 2025 నవంబరులో కొత్త ఇంజిన్‌తో వచ్చింది. ఈ మధ్యవర్తులను, బడ్జెట్ స్లైడర్‌ను ఒంటబట్టించుకున్న చౌక బేరగాళ్లు 2024 కూర్పుతోనే ఇంకొన్ని సీజన్లు హాయిగా గడపవచ్చు.