కొడుకు చెయ్యి చేసుకుంటున్న ఇల్లు: స్నేహితులుగా మనం చేయగలిగిన వాటిలో ఏది మేలు?

భర్త కొడుతున్నాడని చెప్పుకోవడానికి మన సమాజంలో ఇప్పుడు కాస్తో కూస్తో చోటు దొరికింది. పదహారేళ్ల కొడుకు జుట్టు పట్టుకుని గోడకేసి నెట్టాడని చెప్పుకోవడానికి తల్లికి ఇప్పటికీ నోరు రాదు. చెబితే ఎదురయ్యే మొదటి ప్రశ్న "అలా ఎలా పెంచావు?" అనేదేనని ఆమెకు తెలుసు. కొట్టేది కూతురైతే నవ్విపోతారన్న భయం తోడవుతుంది. దెబ్బలు తినే తండ్రి అయితే అసలు నోరే విప్పడు.

అందుకే ఈ సంగతి మొదట తెలిసేది స్నేహితులకే, అదీ మాటల్లో కాదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఉల్లిపాయలు తరుగుదామని కత్తి అడిగితే, ఆమె బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న కత్తి పైకి తీసి, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. ఏమీ వింత కానట్టు. పడకగది తలుపుకు లోపలి వైపు గడియ కొత్తది. బీరువాకు అద్దం ఉండాల్సిన చోట క్యాలెండరు అతికించి ఉంది.

ఇలాంటి ఇంటికి స్నేహితులుగా మనం ఏం చేయాలి? దారులు చాలానే కనిపిస్తాయి. నా మొగ్గు ముందే చెప్పేస్తాను: పిల్లవాణ్ని సరిచేయడానికి బయలుదేరే స్నేహితుడి కంటే, తల్లిదండ్రుల వెంట కదలకుండా నిలబడే స్నేహితుడి వల్లే ఎక్కువ మేలు. ఎందుకో ఒక్కొక్కటీ బేరీజు వేస్తే తెలుస్తుంది.

గుట్టు కాపాడటమా, నలుగురికి తెలియనివ్వడమా?

ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత ఇలాంటి తల్లులకు కంఠస్థం. గుట్టు కాపాడితే లాభం లేకపోలేదు. నోరు జారని మనిషి ఒకరున్నారన్న ధైర్యంతో ఆమె ఇంకోసారి చెబుతుంది. మాట బయటికి పొక్కితే బంధువుల నోళ్లలో ఆ పిల్లవాడు "అమ్మను కొట్టే వెధవ"గా మిగిలిపోతాడు. బాగుపడినా ఆ పేరు పోదు.

కానీ పూర్తి గుట్టు వల్ల అందరికంటే ఎక్కువ వెసులుబాటు దొరికేది కొట్టే చేతికే. బయటివాళ్ల ముందు మర్యాదగా ఉండే పిల్లవాడు తలుపు మూశాకే చెయ్యి ఎత్తుతున్నాడంటే, చూసేవాళ్లుంటే ఆగగలడన్నమాట. ఇజ్రాయెల్ మనస్తత్వవేత్త హైమ్ ఓమర్ ఇలాంటి తల్లిదండ్రుల కోసం రూపొందించిన పద్ధతికి ఇదే పునాది. ఆయన దాన్ని గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్‌ల అహింసా ప్రతిఘటన నుంచి తీసుకున్నారు. తిరిగి కొట్టవద్దు, లొంగిపోవద్దు, దాచవద్దు. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, అందరూ చల్లబడ్డాక మాట్లాడండి. ఒంటరిగా కాకుండా మీ పక్షాన కొందరిని నిలబెట్టుకోండి అంటారాయన. మన సత్యాగ్రహం ఎక్కడెక్కడో తిరిగి పడకగది గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

ఆ "కొందరిలో" ఒకరు కావడమే స్నేహితుడి అసలు పని. నలుగురికీ చాటడం కాదు, తల్లిదండ్రులు ఎంచుకున్న ఇద్దరు ముగ్గురికి చెప్పడం. ఎవరికన్నది ఆమె ఇష్టం. పిల్లవాడికి నచ్చిన లెక్కల మాస్టారు కావచ్చు, క్రికెట్ నేర్పే అన్న కావచ్చు, మేనమామ కావచ్చు. కుటుంబ వాట్సాప్ గ్రూపు మాత్రం కాకూడదు. వారిలో ఒక్కొక్కరూ పిల్లవాడితో నేరుగా, కోపం లేకుండా ఒక మాట అనాలి:

"మొన్న రాత్రి అమ్మను తోశావని నాకు తెలుసురా. నువ్వంటే నాకు ఇష్టం, అది మారదు. అమ్మ మీద చెయ్యి పడకూడదు, అదీ మారదు. ఆదివారం వస్తున్నాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేదంటే దోసె తిని వెళ్లిపోతాను."

ఇలా అన్నాక నిజంగానే ఆదివారం వెళ్లాలి, నిజంగానే దోసె తిని రావాలి. వెళ్లి ఉపన్యాసం మొదలుపెడితే పిల్లవాడు గది తలుపు వేసుకుంటాడు, వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉండడు.

తెలిసినందుకు పిల్లవాడు మొదటి రోజుల్లో మండిపడవచ్చు, "బయట ఎందుకు చెప్పావు" అని తల్లి మీదికే రావచ్చు. కాబట్టి చెప్పే రోజున ఇంట్లో మరో పెద్ద మనిషి ఉండేలా చూసుకోవాలి.

బుద్ధి చెప్పడమా, తల్లికి తోడుండటమా?

మగ స్నేహితులకు వెంటనే తట్టే ఉపాయం ఒకటుంది: "ఒక్కసారి నాకు వదిలెయ్యి చెల్లెమ్మా, రెండు తగిలిస్తే దారికొస్తాడు." తగిలిస్తారు కూడా. ఆ సాయంత్రం ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది. కానీ బలమున్నవాడిదే పైచెయ్యి అన్న పాఠాన్ని పిల్లవాడు అప్పటికే నేర్చుకుని ఉన్నాడు. మనం దాన్ని మళ్లీ వల్లె వేయించి వస్తాం. చాలా ఇళ్లలో ఆ పాఠం మొదట చెప్పింది తండ్రే. చిన్నప్పుడు తండ్రి చేతిలో తల్లి దెబ్బలు తినడం చూసిన పిల్లలు పెద్దయ్యాక ఆ చెయ్యే ఎత్తడం కొత్త సంగతి కాదు. అతిథి వెళ్లాక ఆ రెండు దెబ్బల బాకీ తీర్చాల్సింది తల్లే.

పదహారేళ్లు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడాలన్న శ్లోకం చదివే పెద్దలూ ఉంటారు. మంచి మాటే. కానీ చెయ్యి పడ్డ మరునాడు కొత్త బూట్లు కొనిపెట్టి మిత్రత్వం చాటుకోవడం దాని అర్థం కాదు.

తోడుండటం పైకి చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. దగ్గరగా చూస్తే బోలెడంత పని. ముందుగా ఒక గుర్తు మాట అనుకోవాలి. ఫోనులో ఆమె "అక్కా, పెరుగు తోడు ఉందా?" అని అడిగితే మనం ప్రశ్నలు వేయకుండా బయలుదేరాలి. అదే మాట రెండోసారి అంటే అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలి. చిన్న పిల్లలుంటే వాళ్ల బట్టలు ఒక జత మన ఇంట్లో ఉండాలి, రాత్రి పదకొండింటికైనా వాళ్లు వచ్చి పడుకోగలగాలి. గాయమైతే ఆసుపత్రికి వెంట వెళ్లి, అక్కడ "జారిపడ్డాను" అనకుండా నిజం చెప్పేలా ధైర్యం ఇవ్వాలి. గొడవలు ఎక్కువగా ఏ గడియలో మొదలవుతున్నాయో ఆమెతో కూర్చుని గుర్తు చేసుకోవాలి. ఫోను లాక్కున్నప్పుడా, డబ్బు అడిగినప్పుడా, మార్కులు వచ్చిన రోజునా? చేతిలోంచి ఫోను లాగేసే పద్ధతి మానేసి, ఆ మాట మరునాడు ఉదయం ఎత్తుకున్నంత మాత్రానే కొన్ని ఇళ్లలో రాత్రిళ్లు గడుస్తాయి. హద్దులు వదిలేయమని కాదు, హద్దు గీసే వేళ మార్చమని.

తల్లి మీద నింద మోపుతున్న తండ్రి మనకు స్నేహితుడైతే, అతణ్ని పక్కకు తీసుకెళ్లి మాట్లాడటం కూడా ఈ లెక్కలోదే. తల్లిదండ్రులు ఇద్దరూ రెండు మాటలు మాట్లాడే ఇంట్లో పై పద్ధతులు ఏవీ నిలవవు.

ఒక్కటి మాత్రం వద్దు. చెయ్యి విసురుతున్న పిల్లవాణ్ని ఒంటరిగా పట్టుకుని ఆపబోకండి. మీకంటే బలం అతనిదే. తల్లిని, చిన్నపిల్లలను గది దాటించి బయటికి తీసుకురావడమే అప్పుడు మీ పని.

హాస్టలా, ఇల్లా?

మన దగ్గర అన్నింటికీ మందు రెసిడెన్షియల్ కాలేజీ. ఫీజు కట్టి, పెట్టె సర్ది పంపేస్తే ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, చెల్లెలు భయం లేకుండా నిద్రపోతుంది. ఆ ఊరట చిన్నది కాదు, నేను కాదనను. కానీ ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారానికో ర్యాంకుల జాబితా ఉండే చోటికి, అప్పటికే లోపల ఉడికిపోతున్న పిల్లవాణ్ని పంపడం ఎలాంటిదో ఆలోచించండి. అక్కడ కొట్టడానికి అమ్మ ఉండదు, తనను తాను గాయపరుచుకోవచ్చు. దసరా సెలవులకు ఇంటికొచ్చేటప్పుడు "నన్ను వదిలించుకున్నారు" అన్న కక్ష కూడా పెట్టెలో వస్తుంది.

నాలుగు రోజులు అమ్మమ్మ ఊరికో, మన ఇంటికో పంపడం అంతకంటే నయం, రెండు షరతుల మీద. తిరిగొచ్చే తేదీ ముందే చెప్పాలి, అది శిక్షలా ఉండకూడదు. అమ్మమ్మ ఒంటరిగా ఉండే డెబ్బై ఏళ్ల మనిషి అయితే మాత్రం ప్రమాదాన్ని ఆమె వాకిట్లోకి మార్చినట్టే. మన ఇంట్లో పసిపిల్లలుంటే మొహమాటానికి "మా ఇంటికి పంపించు" అనకూడదు.

తాయెత్తా, డాక్టరా?

దీని మీద ఎక్కువ మాట్లాడను. గుడికి వెళ్లి వస్తే తల్లి మనసు కుదుటపడుతుందంటే తోడు వెళ్లండి. డాక్టరు దగ్గరికి మాత్రం తప్పకుండా తోడు వెళ్లండి. కౌమారంలో కుంగుబాటు ఏడుపుగా కంటే చిరాకుగా, కోపంగా బయటపడటం మామూలే. ఏకాగ్రత లోపం, ఆటిజం, గంజాయి, నిద్ర లేకుండా ఫోనులో ఆడే ఆటలు, ఏది వెనుక ఉన్నా పైకి కనిపించేది విసిరిన పళ్లెమే. ఎవరో తనను చంపాలని చూస్తున్నారని అంటున్నా, లేని మాటలు వినిపిస్తున్నాయని చెబుతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. అయితే రోగం పేరు తెలియడం వేరు, కొట్టడానికి అది అనుమతి కావడం వేరు. మందు వేసుకుంటున్న పిల్లవాడికీ అమ్మ మీద చెయ్యి పడకూడదన్న హద్దు వర్తిస్తుంది.

"వాడు రానంటున్నాడు" అన్నది అందరూ చెప్పే అడ్డంకి. వాడు రాకపోయినా తల్లిదండ్రులు వెళ్లవచ్చు, వెళ్లాలి. అదీ కష్టమైతే 14416కు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఆ పేర్లు వినగానే ముఖం చిట్లించే బంధువుల మాట వినాల్సిన పని లేదు. కౌన్సెలరా, సైకియాట్రిస్టా అంటే, దెబ్బల దాకా వచ్చినప్పుడు మొదట సైకియాట్రిస్టు చూడటమే మంచిదని నేనంటాను. కౌన్సెలింగ్ అవసరమో కాదో ఆయన చెబుతారు.

పోలీసులకు చెప్పడమా, చెప్పకపోవడమా?

తల్లులు అందరికంటే ఎక్కువ భయపడేది ఇక్కడే: "కేసైతే వాడి బతుకు పోతుందక్కా." ఈ భయంలో సగం చట్టం తెలియక కలిగేది. 18 ఏళ్లు నిండనివారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. పిల్లవాణ్ని లాకప్‌లోనో జైల్లోనో పెట్టకూడదు. పట్టుకుంటే 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో కనీసం ఒకరు మహిళ. 2016 నిబంధనల ప్రకారం, ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. పోలీసులు స్టేషను డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితుల నివేదికతో బోర్డుకు పంపాలి. బోర్డు చాలావరకు మందలింపు, కౌన్సెలింగ్, పర్యవేక్షణ వంటివి ఆదేశించగలదు. పిల్లవాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరం.

అలాగని స్టేషనే మొదటి మెట్టు అనను. యూనిఫాం చూసి ఆ రోజుకు ఆగినా, నమ్మకం తెగిపోవచ్చు. కత్తి పట్టుకున్నా, గొంతు నొక్కినా, చిన్నపిల్లల మీదికి వెళ్లినా మాత్రం లెక్కలు వేసే సమయం కాదు, 112. ప్రాణభయం లేని రోజుల్లో 1098 మేలు. అది పిల్లల కోసం ఉన్న నంబరు, కొట్టే పిల్లవాడూ పిల్లవాడే. అన్నింటికంటే నేను ఇష్టపడేది ఇది: ఏ గొడవా లేని రోజున ఆమెతో కలిసి స్టేషనుకు వెళ్లి, అక్కడి బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో కనుక్కుని నంబరు రాసుకోవడం. ప్రతి స్టేషనులో అలాంటి అధికారి ఒకరు ఉండాలని చట్టం చెబుతోంది.

రెండు చట్టాల గురించి పొరపాటు పడుతుంటారు. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం మైనరు పిల్లలకు వర్తించదు. 2005 గృహహింస చట్టం మాత్రం, ఫిర్యాదు ఎవరి మీదనో వారు "వయోజన పురుషుడు" అయి ఉండాలన్న షరతును 2016లో సుప్రీంకోర్టు కొట్టేశాక, తల్లి రక్షణ ఉత్తర్వు కోరడానికి అడ్డు చెప్పదు. ఆ దారి పట్టేముందు లాయరుతో మాట్లాడటం అవసరం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు తూకం వేరు. గృహహింస ఫిర్యాదు వస్తే అరెస్టు చేసి తీరాలన్న చట్టాలున్న రాష్ట్రాలు అక్కడ చాలా ఉన్నాయి, కొన్ని చోట్ల పిల్లలకూ అది వర్తిస్తుంది. కాబట్టి ప్రమాదం లేనప్పుడే స్కూలు కౌన్సెలరుతో మాట్లాడి, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఇలాంటి కుటుంబాలకు ఏ సాయాలున్నాయో కనుక్కోవాలి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే సియాటిల్ ప్రాంతంలో, కింగ్ కౌంటీ కోర్టులు స్టెప్ అప్ అనే కార్యక్రమం నడిపాయి. కొట్టే పిల్లలూ తల్లిదండ్రులూ అందులో కలిసి కూర్చుని, చెయ్యి ఎత్తకుండా మెలగడం నేర్చుకునేవారు.

ఇన్ని చెప్పాక, అన్నింటికీ తల ఊపిన మనిషే నాలుగు రోజుల తర్వాత "ఏమీ లేదక్కా, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని మాట తప్పించవచ్చు. చెప్పినందుకు సిగ్గుపడి ఫోను ఎత్తకపోవచ్చు. అప్పుడు నొచ్చుకుని తప్పుకోవడం, లేదా "నేను చెప్పినట్టు చేశావా?" అని నిలదీయడం, రెండూ ఒకటే. ఆదివారం మామూలుగా వెళ్లండి. ఆమె వంట చేస్తుంటే పక్కన నిలబడి కూరగాయలు తరగండి. పిల్లవాడు వస్తే పలకరించండి, చదువు గురించి అడగవద్దు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, అతనికి వినపడేలానే, వచ్చే ఆదివారం కూడా వస్తానని ఆమెతో చెప్పండి.