ప్యారనాయిడా, ఐరన్ మ్యానా? పూజ స్టేజీకి ఏది మేలు

బరంపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్లు కొత్తగా బ్యాండు కట్టి, గణేశ పూజ స్టేజీ మీద బ్రిటన్ హెవీ మెటల్ బృందం బ్లాక్ సబ్బత్ పాట ఒకటి వాయించాలనుకుంటే ఎక్కువగా ప్యారనాయిడ్, ఐరన్ మ్యాన్ దగ్గరే తేల్చుకోలేకపోతారు. రెండూ ఆ బృందం రెండో ఆల్బమ్ 'ప్యారనాయిడ్' (1970 సెప్టెంబరు) లోవే. ఆల్బమ్ నిడివి చాలక చివర్లో అరగంట లోపు కట్టిన అతుకే టైటిల్ పాట ప్యారనాయిడ్. బ్రిటన్ పాటల చార్టులో 4వ స్థానానికి ఎక్కింది. అమెరికాలో మాత్రం అది 61 దగ్గర ఆగిపోతే, ఐరన్ మ్యాన్ 52 దాకా వెళ్లింది.

ఐరన్ మ్యాన్ నెమ్మది పాట కాబట్టి సులువని చెప్తారు. గిటారు వరకే అయితే ఒప్పుకోవచ్చు: లావు తీగ మీద 7, 10, 12 ఫ్రెట్లలో పవర్ కార్డులు (రెండు స్వరాలే ఉండే కార్డులు), తర్వాత 15 నుంచి 14కి జారుడు. చిక్కంతా మిగతావాళ్లకే. నెమ్మది పాటలో తాళం తప్పితే దాగే చోటుండదు, డ్రమ్మరు రెండో చుట్టుకే పరుగందుకుంటాడు. పాడేవాడు రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస) వెంటే పోవాలి కనుక శ్రుతి తేడా ఇట్టే దొరికిపోతుంది. మధ్యలోనూ చివర్లోనూ వేగం మారుతుంది, ఎవరు సైగ చేస్తారో ముందే అనుకోవాలి. మొదట్లో వచ్చే ఆ మూలుగు, నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వెనక లావు తీగను నొక్కితే వచ్చేది. తీగలను అక్కడే బిగించే లాకింగ్ నట్ ఉన్న గిటారుతో అది కాని పని.

ప్యారనాయిడ్ మూడు నిమిషాల్లోపే అయిపోతుంది, మొదలైన వేగం చివరి దాకా అదే. 12వ ఫ్రెట్ దగ్గర హ్యామర్-ఆన్లు (మళ్లీ మీటకుండా వేలితో తీగను కొట్టి పలికించడం), తర్వాత ఈ, డీ, జీ పవర్ కార్డులు. ట్యూనింగు మామూలుదే. వేగం మాత్రం నిమిషానికి సుమారు 163 బీట్లు. అన్నీ కింది దెబ్బలే కొడితే మూడో చరణానికి ముంజేయి పట్టేస్తుంది. మెట్రోనోమ్ 120 దగ్గర మొదలుపెట్టి, తప్పు లేకుండా రెండుసార్లు వచ్చాకే 5 చొప్పున పెంచండి. ఆంప్‌లో గెయిన్ (గరగర పెంచే నాబ్) సగం దాటితే కార్డులు ముద్దైపోతాయి. గొంతు అందకపోతే గిటారు, బేసు రెండూ అర స్వరం దించి, కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెడితే సరి.

కొత్త బ్యాండుకు మా ఓటు ప్యారనాయిడ్‌కే. మైకుసెట్టు కూడా అదే చెప్తుంది: పందిట్లో హారన్లే ఉంటే బేసు వినపడదు, ఐరన్ మ్యాన్ బరువంతా అక్కడే ఉంది. పెద్ద బేస్ బాక్సులు ఉండి, ఆక్టాప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) కాకుండా నిజం డ్రమ్స్ దొరికితే అప్పుడు ఐరన్ మ్యాన్ ఎత్తుకోండి, జనం రిఫ్‌ను నోటితో అందుకుంటారు.

ప్యారనాయిడ్ సోలోలో ఆ గరగర రింగ్ మాడ్యులేటర్ అనే ఎఫెక్టుది. దానికోసం వేరే పెడల్ కొనక్కర్లేదు, మామూలు ఫజ్ (గరగర ఎఫెక్టు) చాలు. ఆ డబ్బుతో తీగల సెట్టు మార్చండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి పాతవి తుప్పు పట్టి ఉంటాయి. కొత్తవి రెండు రోజుల ముందే వేసి సాగదీయాలి, ఆ సాయంత్రమే వేస్తే ప్రతి చరణానికీ శ్రుతి జారుతుంది.