ఎనిమిదో ఏట ఫలించిన పట్టా: ప్లాస్టిక్స్ ఇంజనీరింగ్ చదువుపై 16 ఏళ్ల అనుభవం

ప్లాస్టిక్స్ ఇంజనీరింగ్ పట్టా నా చేతికి 2009లో వచ్చింది. ప్లాస్టిక్‌తో వస్తువులు తయారుచేయడం నేర్పే ఈ కోర్సులో ఏయే పాఠాలుంటాయో ఆ జోలికి పోను. ఈ పట్టాతోనే చెన్నైలో సంసారం నడిపినవాడిగా దాని విలువను రూపాయల్లో చెప్పవలసి వస్తే, మొదటి జీతం లెక్కన ఇది నష్టపు బేరమే. నెలకు 9,500 రూపాయలకు చెన్నై దగ్గరి ఒరగడం అనే ఊళ్లో ఒక వాహన విడిభాగాల కర్మాగారంలో చేరాను. అదే ఏడు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిన నా గది మిత్రుడికి అంతకు రెండింతలకు పైగా వచ్చేది. ఏడేళ్లపాటు ఆ తేడా పెరిగిందే కానీ తగ్గలేదు. గూడూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా నాన్నగారు, "బకెట్లు చేసే చదువుకు ఇంజనీరింగ్ ఎందుకురా?" అని అడిగేవారు, నా దగ్గర జవాబు ఉండేది కాదు.

జవాబు 2017లో దొరికింది. మేము నైలాన్ 66 అనే ఒక రకం ప్లాస్టిక్‌తో వైర్ల కట్టలను పట్టి ఉంచే చిన్న క్లిప్పులు చేసేవాళ్లం. నాలుగేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేని ఆ క్లిప్పులు ఉన్నట్టుండి కొనుగోలుదారు అసెంబ్లీ లైన్‌లో పుటుక్కున విరగడం మొదలైంది. మెషీన్ మారలేదు, కరిగిన ప్లాస్టిక్‌కు రూపమిచ్చే మోల్డ్ (అచ్చు) మారలేదు, ముడిసరుకు కూడా మారలేదు. మోల్డ్‌లో క్లిప్పు కాళ్ల మూలలను గుండ్రం చేస్తే సర్దుకుంటుందని అచ్చులు చేసే టూల్ రూమ్ వారు తేల్చి, అందుకు 6 లక్షల రూపాయలు, మూడు వారాల గడువు అడిగారు. యాజమాన్యం దాదాపు ఒప్పుకున్నది.

ఆ రాత్రి షిఫ్టులో మెషీన్ దగ్గర ఉన్న పెద్దవయసు ఆపరేటర్ ఒక మాట అన్నాడు: "పళైయ స్టాక్ ఉడైయాదు సార్." పాత సరుకు విరగదు అని. గోదాములో మూల పడి ఉన్న రెండు నెలల నాటి పెట్టె తెప్పించి చూస్తే నిజంగానే ఆ క్లిప్పులు వంగుతున్నాయి తప్ప విరగడం లేదు. పది క్లిప్పులు కలిపి తూచాను. ఆ రోజు చేసినవి 40 గ్రాములు ఉన్నాయి, పాతవి 40.8 గ్రాములు. ఆ 0.8 గ్రాముల దగ్గర నాకు మూడో సంవత్సరం పాఠం గుర్తుకు వచ్చింది. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు దాని అణువుల గొలుసుల మధ్య చేరి వాటి పట్టును కాస్త సడలిస్తుంది, అప్పుడే ఆ వస్తువుకు దెబ్బను ఓర్చుకునే గుణం వస్తుంది. అప్పుడే మోల్డ్‌లోంచి వచ్చిన నైలాన్ ఎండిన అప్పడం వంటిది, మడిస్తే విరుగుతుంది.

మరి నాలుగేళ్లు ఎందుకు విరగలేదు? మునుపు మా సరుకు గోదాములో వారాల తరబడి ఉండేది, చెన్నై గాలి ఆ పనిని మాకు తెలియకుండానే చేసిపెట్టేది. కొనుగోలుదారు నిల్వలు తగ్గించి ఏ రోజు సరుకు ఆ రోజే పంపమన్న తరువాత, మేము క్లిప్పులను వేడివేడిగా పాలిథిన్ సంచుల్లో కట్టి పంపడం మొదలుపెట్టాము, వాటికి గాలి తగిలే అవకాశమే లేకపోయింది.

మరునాడు సమావేశంలో, క్లిప్పులు తేమ పీల్చుకునేలా సంచుల్లో నీళ్లు పోద్దామని చెబితే మేనేజరు గారు నవ్వారు. ఆయన నవ్వులో న్యాయం ఉంది. మోల్డింగ్‌కు ముందు ముడిసరుకు గుళికలను, అంటే నైలాన్ గ్రాన్యూల్స్‌ను 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెడతాము, అందులో తేమ మిగిలితే కరిగినప్పుడు గొలుసులు తెగిపోతాయి, వస్తువు మీద వెండి చారలు పడతాయి. నీరంటే శత్రువని నమ్మే కర్మాగారంలో నీళ్లు పోయమంటే ఎవరైనా నవ్వుతారు. కరిగే ముందు ఆరాలి, గట్టిపడ్డాక తడవాలి అన్న ఈ తిరకాసును ఒప్పించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అదే ముడిసరుకుతో చేసిన నమూనా పట్టీలను, ఎండువి కొన్ని, తడిపినవి కొన్ని, గిండీలో 1968లో మొదలైన ప్లాస్టిక్స్ రంగపు కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ వారి పరీక్షాశాలకు ఇచ్చాము. రెండింటికీ ఉన్న తేడా అంకెల్లో కాగితం మీదకు వచ్చాక ఎవరూ నవ్వలేదు. 20 కిలోల సంచికి సుమారు 400 మిల్లీలీటర్ల నీరు పోసి, మూతి బిగించి, రెండు రోజులు ఉంచి పంపడం మొదలుపెట్టాము. క్లిప్పులు విరగడం ఆగిపోయింది, మోల్డ్ జోలికి పోనక్కరలేకపోయింది. కొనుగోలుదారు నాణ్యతా విభాగం వేసిన ప్రతి "ఎందుకు"కూ నేను రాతపూర్వకంగా జవాబిచ్చాను. ఆ ఏడు నా జీతం 34,000 నుంచి 46,000 రూపాయలకు పెరిగింది. అక్కడి నుంచి మారిన ప్రతి ఉద్యోగంలోనూ ఇంటర్వ్యూలో నేను చెప్పినది ఆ క్లిప్పు కథే.

ఈ కథను నేను చాలామంది కుర్రవాళ్లకు డిగ్రీ గొప్పతనంగా చెప్పాను. ఇప్పుడు కొంత సవరించుకోవాలి. పాత సరుకు విరగదని కనిపెట్టినది నేను కాదు, పదో తరగతి దాటని ఆ ఆపరేటరు. నేను చేసినదల్లా దానికి కారణం రాసి సంతకం పెట్టడం, ఆ సంతకానికి విలువ వచ్చినది డిగ్రీ వల్ల. ఆ ఏడు ఆయనకు దీపావళి బోనస్ తప్ప మరేమీ రాలేదు, నేనూ గట్టిగా అడగలేదు. పైగా నీరు పీల్చిన నైలాన్ కొంచెం ఉబ్బుతుంది. ఆ సంగతి నేను ముందుగా చెప్పకపోవడం వల్ల ఒక లాటు సరుకు కొలతలు సరిపోక తిరిగి వచ్చింది, ఆ పాఠం కూడా పుస్తకంలో ఉన్నదే.

ఉద్యోగానికి లోటుండదు అని కూడా అనేవాడిని. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి, దేశమంతటా 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై నిషేధం వచ్చినప్పుడు బంధువులు నన్ను పరామర్శించినంత పని చేశారు. కారు విడిభాగాలకు ఆ నిషేధం తగలలేదు. ఉద్యోగాలు ఉన్న మాట నిజమే, అయితే అవి శ్రీపెరుంబుదూరులోనో ఒరగడంలోనో మూడు షిఫ్టుల మధ్య ఉంటాయి. నా చేతికి నెలకు లక్ష రూపాయలు ఇంకా రావడం లేదు. మొదటి ఏడేళ్లు గడిచినది మా ఆవిడ ఉపాధ్యాయురాలి జీతం మీద, నాన్నగారు పంపిన బియ్యం మీద. చదువుకు అప్పు చేయలేదు కాబట్టి ఓపిక పట్టగలిగాను. నెలనెలా వాయిదా కట్టవలసి ఉంటే ఎనిమిదో ఏడు దాకా ఈ రంగంలో నిలిచి ఉండేవాడిని కాదేమో.

ఈ ఏడు మా అక్కయ్య కొడుకు ఇదే కోర్సులో చేరనా మామయ్యా అని అడుగుతున్నాడు. వాళ్లకు అప్పు తప్పదు. అందుకని చేరమనీ వద్దనీ చెప్పలేదు. యాజమాన్యం అనుమతి తీసుకున్నాను, వచ్చే శనివారం గూడూరు నుంచి వచ్చి ఒక రాత్రి షిఫ్టు నాతో పాటు మోల్డింగ్ విభాగంలో నిలబడమన్నాను. చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చుకోమని కూడా చెప్పాను.