లారీ కమాను పట్టీ కత్తి: నలభై మామిడికాయల తర్వాత

నూజివీడు వెళ్లే దారిలో ఒక కొలిమి ఉంది. పోయిన మార్చిలో అక్కడ కత్తి చేయించుకున్నాను. లారీ కింద స్ప్రింగుగా ఉండే పాత కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి చేసింది. అలుగు 8 అంగుళాలు, వెన్ను దగ్గర 4 మిల్లీమీటర్ల మందం, తుమ్మ పిడి. 900 రూపాయలు. బేరం ఆడలేదు.

చేతికి వచ్చిన రోజు పదును చూసి మురిసిపోయాను. ముంజేతి వెంట్రుకలు ఊదినట్టు రాలిపోయాయి. ఆ ఆదివారమే మటన్ నల్లి బొమిక మీద ఒక దెబ్బ వేస్తే, అంచులో బియ్యపుగింజంత పెచ్చు ఎగిరిపోయింది. తీసుకెళ్లి కమ్మరికి చూపించాను. ఆయన వేలితో తడిమి, "పాయనం ఎక్కువైంది బాబూ, గాజులా తయారైంది" అన్నాడు. పాయనం అంటే ఉక్కుని కాల్చి, ముంచి గట్టిపరచడం.

కమాను పట్టీ ఉక్కులో నూటికి 0.6 వంతు దాకా కార్బన్ ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే బాగా గట్టిపడుతుంది, దాంతోపాటే పెళుసూ అవుతుంది. ఆ పెళుసు తగ్గాలంటే మళ్లీ సన్న సెగ చూపించాలి, 200 డిగ్రీల పైచిలుకు. మొదటిసారి అక్కడే తొందరపడ్డాడట. ఈసారి నా ఎదురుగానే అలుగుని రుద్ది తెల్లగా చేసి, వెన్ను వైపు నుంచి వేడి పెట్టాడు. వేడికి ఉక్కు మీద ఎండుగడ్డి రంగు దాటి గోధుమ రంగు తేలగానే తీసేశాడు. పెచ్చు పోయేదాకా సానపట్టి ఇచ్చాడు. డబ్బులు అడగలేదు.

ఇంటికొచ్చి, పాత ఇత్తడి కడ్డీ ఒకటి ఉంటే దాని మీద అంచుని వాలుగా ఆనించి, నొక్కి లాగాను. అంచు వంగి అలాగే ఉండిపోతే ఉక్కు మెత్తన. పెచ్చు లేస్తే పెళుసు. నాది కొద్దిగా వంగి, వెంటనే సర్దుకుంది.

అసలు పరీక్ష మే నెలలో. ఆవకాయకి 40 చిన్నరసం కాయలు. మా ఇంట్లో ఎప్పుడూ కత్తిపీటతోనే కొడతాం. అమ్మ ఈ కత్తిని నమ్మలేదు. "టెంక ఊడిన ముక్కలన్నీ నీ కంచంలోనే వేస్తా" అంది. కాయ మీద కత్తి పెట్టి, వెన్ను మీద చెక్క సుత్తితో ఒక్కటి వేస్తే టెంకా జీడీతో సహా రెండైంది. 25 కాయల దాకా ఒక్క దెబ్బకే తెగాయి, తర్వాత రెండో దెబ్బ కావాల్సి వచ్చింది. అన్నీ అయ్యాక న్యూస్ పేపర్ కోసి చూశాను. అలుగు మధ్యలో, దెబ్బలన్నీ పడిన చోట మాత్రం కాగితం చిరిగింది. పెచ్చు ఒక్కటీ లేవలేదు. సానరాయి మీద అటూ ఇటూ పదిసార్లు రుద్దితే మళ్లీ మామూలే. టెంక ఊడిన ముక్కలు మూడు. మూడూ నా కంచంలోకే వచ్చాయి.

చిరాకు పెట్టింది నలుపు. మామిడి పులుపుకి పది కాయలకే అలుగు నల్లబడి, ముక్కల అంచులకి బూడిదరంగు మరక అంటింది. అమ్మ మొహం చూడాలి! అక్కడి నుంచి రెండు కాయలకోసారి తుడిచాను. తడి ఉంచితే తెల్లారేసరికి తుప్పు, అందుకే నువ్వులనూనె రాసి పెడుతున్నాను. ఉల్లిపాయ సన్నగా తరగడానికి ఈ మందం పనికిరాదు, తరిగే బదులు చీలుస్తుంది. పిడి కూడా పొన్ను (పిడికి తొడిగిన లోహపు కట్టు) దగ్గర కాస్త కదులుతోంది.

మా తమ్ముడు తనకీ ఒకటి కావాలంటున్నాడు. చేయిస్తాను. ఈసారి ఇత్తడి కడ్డీ వెంట తీసుకెళ్తాను.