సువోమెన్‌లిన్నా సముద్రకోట: ఎలా చూడాలి, ఏం చూడాలి

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీకి వచ్చే మనవాళ్లలో చాలామంది సువోమెన్‌లిన్నాను ఎండ కాసే రోజున పచ్చిక మీద కూర్చుని, నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగివచ్చే దీవిగానే చూస్తారు. నిజానికి కొన్ని దీవుల మీద పరుచుకుని, 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కోటను అలా చూడడంలో తప్పేమీ లేదు. కానీ బాల్టిక్ సముద్రం మీద పెత్తనం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎలా మారుతూ వచ్చిందో, ఆ మార్పుల్లో గోడల బలం కన్నా పొత్తుల బలం ఎంత పనిచేసిందో ఒక్క పూటలో కాళ్లతో నడిచి తెలుసుకోగల చోటు ఉత్తర ఐరోపాలో నాకు తెలిసి ఇదొక్కటే. అందుకే ఈ సమీక్షలో ఆ దృష్టితో చూడదగినవాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. నగరం నడిబొడ్డున ఉన్న మార్కెట్ స్క్వేర్ రేవు నుంచి ఫెర్రీ ఏడాది పొడవునా నడుస్తుంది. ట్రామ్‌కూ మెట్రోకూ వాడే టికెట్టే దీనికీ సరిపోతుంది, ప్రయాణం పావుగంట. దీవిలో అడుగుపెట్టడానికి రుసుము లేదు; మ్యూజియానికీ జలాంతర్గామికీ మాత్రం టికెట్ కొనాలి. రేవు దగ్గరి గులాబీ రంగు బారకాసుల నుంచి దక్షిణాన రాజద్వారం దాకా నీలి బోర్డులు దారి చూపుతాయి. ఆ దూరం సుమారు కిలోమీటరున్నర. దారిలో చాలాచోట్ల గుండ్రాళ్లు పరిచి ఉంటాయి కాబట్టి పిల్లల బండి తోసుకుంటూ వెళ్లేవారికి ఓపిక కావాలి. జులైలో కూడా గాలి చలిగా కొడుతుంది, జాకెట్ మరవకండి.

ఎక్కడికీ వెళ్లకముందే సువోమెన్‌లిన్నా మ్యూజియంలోకి వెళ్లి, కోట కథ చెప్పే చిన్న సినిమా చూడడం మంచిది. ఎందుకంటే ఈ కోట ఎందుకు పుట్టిందో తెలియకపోతే బయట కనిపించేదంతా ఉత్త రాళ్లగుట్టే. పదిహేడో శతాబ్దంలో బాల్టిక్‌ను ఏలిన స్వీడన్, 1700 నుంచి 1721 దాకా సాగిన మహా ఉత్తర యుద్ధంలో రష్యా చేతిలో చిత్తయింది. ఫిన్లాండ్ సింధుశాఖ చివర 1703లో పీటర్ చక్రవర్తి కట్టడం మొదలుపెట్టిన సెయింట్ పీటర్స్‌బర్గ్ అప్పటికే రాజధాని అయి కూర్చుంది. పోయింది తిరిగి తెచ్చుకుందామని 1741లో స్వీడన్ మళ్లీ కత్తి దూసి, 1743లో మరికొంత నేల పోగొట్టుకుంది. ఆ భయంలోంచి 1748లో ఆగస్టిన్ ఎరెన్స్‌వర్డ్ అనే ఫిరంగిదళ అధికారి చేతుల మీదుగా ఈ కోట పని మొదలైంది. దానికి పెద్ద ఎత్తున డబ్బు ఇచ్చింది ఫ్రాన్స్. రష్యాను ఉత్తరాన కట్టిపడేసే మిత్రుడు ఒకడుంటే తనకు మేలని ఫ్రాన్స్ లెక్క. అప్పట్లో ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలో ఉండేది. అంటే నాటి స్వీడన్ నేల మీద, ఇప్పటి ఫిన్లాండ్ రాజధాని ముంగిట నిలిచిన ఈ గోడల్లో పారిస్ రాజకీయం కూడా ఉందన్నమాట.

పెద్ద ఆవరణలో ఎరెన్స్‌వర్డ్ సమాధి ఉంది, పక్కనే పాత డ్రై డాక్ ఉంది. ఆ డాక్‌లో ఇప్పటికీ పాత కర్ర ఓడలను బాగుచేస్తారు. ఈ రెండింటి దగ్గరా ఎక్కువసేపు ఆగనక్కరలేదు. మనసు పెట్టవలసింది 1808 నాటి సంగతి మీద.

1807లో టిల్సిట్‌లో నెపోలియన్, రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ చేతులు కలిపారు. బ్రిటన్‌తో వర్తకం మానుకోవాలన్న వారి షరతుకు స్వీడన్ రాజు ఒప్పుకోలేదు. దానితో ఒకప్పుడు ఫ్రాన్స్ సొమ్ముతో లేచిన కోట మీదికి, ఫ్రాన్స్ ఆమోదంతోనే రష్యా సైన్యం వచ్చింది. కోటలో ఆరు వేలకు పైగా సైనికులు, ఏడు వందలకు మించిన ఫిరంగులు, తీరపోరాటాల కోసం కట్టిన ఓడల పెద్ద దండు ఉన్నాయి. కోటాధిపతి అడ్మిరల్ క్రొన్‌స్టెట్ పిరికివాడేమీ కాడు, 1790లో స్వెన్స్క్‌సుండ్ దగ్గర రష్యన్లపై గెలుపులో పేరు తెచ్చుకున్నవాడు. అయినా మే 3 లోగా స్వీడన్ నుంచి ఐదు యుద్ధనౌకలు సాయం రాకపోతే కోట అప్పగిస్తానని ఆయన ఒప్పందం రాసుకున్నాడు. ఆ నెలల్లో సింధుశాఖ గడ్డకట్టి ఉంటుందనీ, ఓడలు రాలేవనీ తెలియని నావికుడు ఉండడు. అలాంటి షరతు ఎందుకు ఒప్పుకున్నాడన్నది ఈనాటికీ తెగని వాదం. మిత్రదేశమైన బ్రిటన్ నౌకాదళం ఎంత గొప్పదైనా మంచు కరిగేదాకా అక్కరకు రాని చుట్టమే అయింది. మరుసటి ఏడు ఫ్రెడ్రిక్స్‌హామ్న్ సంధితో ఫిన్లాండ్ మొత్తం రష్యా పాలనలోకి పోయింది. దక్షిణపు దీవి మీద ప్రాకారం ఎక్కి నగరం వైపు తిరిగి చూసినప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువగా తోచింది, ఈ గోడల్ని ఎవరూ బద్దలు కొట్టలేదన్నదే.

తరువాతి నూటపదేళ్లూ కోట రష్యాది, ఆపైన స్వతంత్ర ఫిన్లాండ్‌ది. క్రిమియా యుద్ధకాలంలో బ్రిటన్, ఫ్రాన్స్ నౌకలు కలిసి వచ్చి 1855 ఆగస్టులో రెండు రోజుల పాటు దీనిపై వేల గుండ్లు కురిపించాయి. కోట ఫిరంగులకు అందనంత దూరాన నిలబడి కొట్టాయి కాబట్టి లోపలివారికి ఎదురుదెబ్బ తీసే వీలే లేకపోయింది. ఆ దెబ్బ తరువాత రష్యా వేసిన మట్టికట్టలూ బరువైన ఫిరంగులూ కుస్తాన్‌మియెక్కా దీవిలో ఇప్పటికీ వరుసగా ఉన్నాయి. పిల్లలకు బాగా నచ్చే చోటు ఇదే.

నా దృష్టిలో టికెట్ డబ్బులకు పూర్తి న్యాయం చేసేది వెసిక్కో జలాంతర్గామి. విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా ఎక్కి దిగినవారికి ఇది బొమ్మలా కనిపిస్తుంది. అది తొంభై ఒక్క మీటర్ల పొడవు, ఇది నలభై ఒక్క మీటర్లే. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాలి. ముందు గదిలో మూడు టార్పెడో గొట్టాలు, వాటిని ఆనుకునే నావికుల పడకలు ఉన్నాయి. ఆయుధం పక్కనే నిద్ర. మధ్యలో పెరిస్కోప్, వెనక డీజిల్ ఇంజిన్లు. కుర్సురా కూడా బాల్టిక్ నుంచి వచ్చినదేనని మనలో చాలామందికి గుర్తుండదు. 1969 డిసెంబరులో అప్పటి సోవియట్ రేవు రీగాలో అది మన నౌకాదళంలో చేరింది.

వెసిక్కో పుట్టుక ఇంకా వింతైనది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీ జలాంతర్గాములు కట్టకూడదని వెర్సాయ్ సంధి నిషేధించింది. అందుకని జర్మన్ ఇంజనీర్లు నెదర్లాండ్స్‌లో ఒక సంస్థ పెట్టి, దాని పేరు మీద తయారుచేసిన నమూనాను ఫిన్లాండ్‌లోని తుర్కు ఓడల కార్ఖానాలో కట్టించి, 1933లో నీళ్లలోకి దించి, ఇక్కడి జలాల్లోనే పరీక్షించుకున్నారు. ఆ తరువాత జర్మనీ కట్టుకున్న చిన్న జలాంతర్గాములకు ఇదే మూలం. 1936లో దీన్ని ఫిన్లాండ్ కొనుక్కుంది, 1941 జులైలో వీబర్గ్ అనే సోవియట్ సరుకు ఓడను ఇది ముంచింది. యుద్ధం ముగిశాక 1947 పారిస్ సంధి ఫిన్లాండ్‌కు జలాంతర్గాములే ఉండకూడదంది. మిగిలిన నాలుగింటినీ తుక్కుకింద అమ్మేశారు, ఇదొక్కటి మిగిలి 1973లో మ్యూజియం అయింది. ఒక నిషేధాన్ని తప్పించుకోవడానికి పుట్టి, మరో నిషేధం వల్ల ఒడ్డెక్కిన ఈ ఇనుప గొట్టంలో అరగంట గడిపితే రెండు యుద్ధాల మధ్యకాలపు దౌత్యం పుస్తకాల్లో కన్నా తేలిగ్గా బుర్రకెక్కుతుంది. యుద్ధానంతరం హెల్సింకీకి పడమరన కొద్ది దూరంలోని పోర్క్కాలా తీరాన్ని సోవియట్ సైన్యం 1956 దాకా పక్కలో బల్లెంలా పట్టుకుని కూర్చున్న సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తటస్థంగా ఉండడం ఫిన్లాండ్‌కు ఆదర్శం కన్నా అవసరం అయింది అందుకే.

నడక చివర రాజద్వారం. అక్కడ రాతిపలక మీద స్వీడిష్‌లో ఎరెన్స్‌వర్డ్ మాటలు చెక్కి ఉన్నాయి: రాబోయే తరాలవారు ఇక్కడ సొంత నేల మీద నిలబడాలి, పరాయి సాయాన్ని నమ్ముకోకూడదు. ఫ్రాన్స్ డబ్బుతో కట్టిన కోట గుమ్మంలో ఈ మాట చదివితే నవ్వు రాక మానదు. పైగా ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న, స్వీడన్ 2024 మార్చి 7న నాటోలో చేరాయి. దానితో బాల్టిక్ తీరంలో రష్యా చేతిలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాలూ కలినిన్‌గ్రాడ్ తప్ప మిగతాదంతా ఒకే కూటమిది అయింది. అయినా సముద్రం నిశ్చింతగా లేదు. 2023 అక్టోబరులో ఫిన్లాండ్ నుంచి ఎస్తోనియాకు సముద్రం అడుగున వెళ్లే గ్యాస్ పైపు, 2024 క్రిస్మస్ నాడు విద్యుత్ కేబుల్ దెబ్బతిన్నాయి. 2025 జనవరిలో హెల్సింకీలో కలిసిన నాటో దేశాలు కేబుళ్ల కాపలాకు ప్రత్యేక గస్తీ ప్రకటించాయి. నౌకాదళ అకాడమీ ఇప్పటికీ ఈ దీవుల్లో ఒకదానిలోనే నడుస్తోంది. కాబట్టి ఇది పూర్తిగా మ్యూజియం వస్తువు అయిపోయిన కోట కాదు.

వేసవిలో ఇంగ్లీషులో గైడుతో నడక కూడా ఉంటుంది. గంటలో మూడు పాలనల కథ ఇమడదు గనుక, 1808 గురించీ వెసిక్కో గురించీ అడగవలసినవి ముందే అనుకుని వెళితే ఎక్కువ లాభం. శాకాహారులు పులిహోరో పెరుగన్నమో కట్టుకుని వెళ్లడం మేలు, కూర్చుని తినడానికి చోటుకు కొదవ లేదు. వెసిక్కో వేసవి నెలల్లోనే తెరిచి ఉంటుంది కాబట్టి శీతాకాలంలో వచ్చేవారికి ఈ యాత్ర సగమే. సమయం తక్కువైతే డ్రై డాక్, చర్చి వదిలేయండి, వెసిక్కోనూ రాజద్వారాన్నీ మాత్రం వదలకండి. వేసవిలో రాజద్వారం రేవు నుంచి నగరానికి ప్రైవేటు పడవలు ఉంటాయి. వాటికి టికెట్ వేరు, కానీ వచ్చిన దారినే వెనక్కి నడిచే పని తప్పుతుంది.