ఉబుంటు 22.04 నుంచి 24.04కి మారా, యాప్‌లు ఓపెన్ కాలేదు: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ 24.04కి నా మార్కు ఐదుకి మూడున్నర. ఒక్క సిస్టమ్ వరకే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. బూట్ అయ్యింది, వైఫై పట్టింది, ప్రింటర్ దానంతట అదే కనపడింది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎక్కడిదక్కడే ఉంది. మార్కు ఎందుకు తగ్గించానంటే నాకు కూడు పెట్టే మూడు యాప్‌లు తెరుచుకోలేదు, పైగా ఎందుకు తెరుచుకోలేదో స్క్రీన్ మీద ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మాది చిన్న డీటీపీ పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే ఇక మెషిన్ జోలికి వెళ్లే తీరిక ఉండదని సంక్రాంతి సెలవుల్లోనే అప్‌గ్రేడ్ పెట్టుకున్నా. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్‌తో స్నాప్‌షాట్, అంటే సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ, తీసుకున్నా, హోమ్ ఫోల్డర్ మాత్రం విడిగా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకున్నా, ఎందుకంటే టైమ్‌షిఫ్ట్ మామూలు సెట్టింగ్స్‌లో మన హోమ్ ఫైళ్లని తీసుకోదు, ఇది తెలీక డిజైన్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి.

అప్‌గ్రేడ్ అయ్యాక మొదట తెరిచింది డిజైన్లు గీసే ఇంక్‌స్కేప్. రిపోజిటరీలో, అంటే ఉబుంటు సొంత యాప్‌ల భండారంలో, ఉండేది పాత వెర్షన్ కాబట్టి నేను ఆప్‌ఇమేజ్ వాడతా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైల్‌గా వచ్చే యాప్. ఐకాన్ నొక్కితే చిన్న చక్రం కాసేపు తిరిగింది, ఆగిపోయింది, అంతే. మళ్లీ నొక్కా, మళ్లీ అదే. ఇక్కడే చాలామంది కంగారుపడి యాప్ తీసేసి మళ్లీ వేస్తారు, ఇంకొందరు ఏకంగా ఓఎస్సే ఫార్మాట్ కొట్టేస్తారు. అలా చేయకండి. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి, ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి వెళ్లి, చుక్క, స్లాష్, ఫైల్ పేరు కొట్టి ఎంటర్ నొక్కండి. ఐకాన్ చెప్పని మాట టెర్మినల్ చెప్తుంది. నాకు వచ్చిన లైన్‌లో లిబ్‌ఫ్యూజ్.ఎస్ఓ.2 లోడ్ కాలేదు అని స్పష్టంగా ఉంది. ఆప్‌ఇమేజ్‌లు చాలావాటికి లోపలి ఫైళ్లు తెరవడానికి ఆ పాత ఫ్యూజ్ లైబ్రరీ కావాలి. 24.04లో ఆ ప్యాకేజీ పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. పేరెందుకు మారిందంటే కంప్యూటర్ సెకన్లు లెక్కపెట్టుకునే 32 బిట్ టైమ్ లెక్క 2038 జనవరితో అయిపోతుంది కదా, దాన్ని 64 బిట్‌కి మార్చే పనిలో చాలా లైబ్రరీలకి చివర టీ64 తగిలించారు, మన మెషిన్లు ఎప్పుడో 64 బిట్ అయినా పేరు మాత్రం అందరికీ మారింది. ప్యాకేజీలు వేసే ఆప్ట్ కమాండ్‌తో అది వేశా, ఇంక్‌స్కేప్ తెరుచుకుంది. ఒక్క జాగ్రత్త, ఉత్త ఫ్యూజ్ అనే ప్యాకేజీ వేయకండి, అది డెస్క్‌టాప్‌కి కావాల్సిన కొత్త ఫ్యూజ్3ని తీసేసి డెస్క్‌టాప్‌నే పాడుచేయొచ్చు.

రెండోది ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆర్డర్లు రాసుకునే నోట్స్ యాప్ ఒకటుంది, ఎలక్ట్రాన్‌తో (లోపల బ్రౌజర్ పెట్టి యాప్‌లు తయారుచేసే పద్ధతి) చేసింది, అదీ ఆప్‌ఇమేజే. ఫ్యూజ్ వేశాక కూడా లేవలేదు. టెర్మినల్‌లో చూస్తే శాండ్‌బాక్స్ (యాప్‌ని మిగతా సిస్టమ్ నుంచి వేరుగా కట్టడి చేసే ఏర్పాటు) హెల్పర్ సరిగా కాన్ఫిగర్ కాలేదు, శాండ్‌బాక్స్ లేకుండా నడిచే బదులు ఆగిపోతున్నా అని వచ్చింది. ఇది యాప్ తప్పు కాదు. ఆ శాండ్‌బాక్స్ కట్టుకోవడానికి యూజర్ నేమ్‌స్పేస్‌లు అనే కెర్నెల్ సదుపాయం కావాలి. మామూలు యూజర్ నడిపే ప్రోగ్రామ్‌లు వాటిని వాడుకోకుండా 24.04లో యాప్‌ఆర్మర్ అనే భద్రతా కాపలా అడ్డుపడుతుంది, ఆ దారిలో కెర్నెల్ మీద, అంటే సిస్టమ్ గుండెకాయ మీద, చాలా దాడులు జరిగాయి కాబట్టి. పేరున్న బ్రౌజర్లకి ముందే ప్రొఫైల్స్, అంటే అనుమతి ఫైళ్లు, రాసిపెట్టారు, అందుకే అవి నడుస్తాయి. మనం ఎక్కడో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెట్టుకున్న ఆప్‌ఇమేజ్‌కి ప్రొఫైల్ ఉండదు కదా.

దీనికి నో-శాండ్‌బాక్స్ అని తగిలించి నడపమని తేలిగ్గా చెప్పేస్తుంటారు. పని అవుతుంది గానీ తాళం పడట్లేదని తలుపే పీకేసినట్టు ఉంటుంది. నేను ఫైల్‌ని ఓపీటీ ఫోల్డర్‌లో స్థిరంగా పెట్టి, ఈటీసీలో యాప్‌ఆర్మర్.డీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ఆ ఫైల్ దారి, అన్‌కన్‌ఫైన్డ్ ఫ్లాగు, యూజర్ఎన్ఎస్ అన్న అనుమతి రాసి చిన్న ప్రొఫైల్ పెట్టా, ఏడెనిమిది లైన్లు అంతే, యాప్‌ఆర్మర్‌ని రీలోడ్ చేశా. యాప్ వెంటనే లేచింది, పాత ఆర్డర్లన్నీ ఉన్నాయి. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

మూడోది మా మేనల్లుడు రాసిచ్చిన పైథాన్ స్క్రిప్ట్, రసీదు పుస్తకాలకి వరస నంబర్లు వేస్తుంది. పైథాన్ 3.10 పోయి 3.12 వచ్చింది కాబట్టి పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ స్క్రిప్ట్‌కి కావాల్సిన లైబ్రరీలు విడిగా ఉంచే ఫోల్డర్, పనిచేయలేదు. దాన్ని తీసేసి కొత్తది చేసుకుంటే పది నిమిషాల పని. పాత స్క్రిప్టులు కొన్ని వాడే డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ 3.12లో లేదు, అదొకటి చూసుకోండి.

టెర్మినల్‌లో కూడా ఏమీ తెలియకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులో ఆ యాప్ తెరిచి చూడండి. అక్కడ నడిస్తే తప్పు మీ హోమ్ ఫోల్డర్‌లోని పాత సెట్టింగ్స్‌ది, ఆ యాప్ కాన్ఫిగ్ ఫోల్డర్ పేరు మార్చి మళ్లీ తెరవండి, డిలీట్ మాత్రం చేయొద్దు. అక్కడా నడవకపోతే సిస్టమ్‌లోనే వెతకాలి. ఇంకోటి, అప్‌గ్రేడ్ చేసేటప్పుడు బయటి పీపీఏలన్నీ (ఇతరులు నడిపే యాప్ భండారాలు) ఆపేస్తుంది, తర్వాత మనమే ఒక్కొక్కటి చూసి ఆన్ చేసుకోవాలి. మెయిల్ యాప్ థండర్‌బర్డ్ కూడా స్నాప్ అనే ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతికి మారింది, మెయిల్స్ ఇప్పుడు హోమ్‌లో స్నాప్ ఫోల్డర్ లోపల ఉంటున్నాయి, బ్యాకప్ తీసేవాళ్లు ఆ దారి మార్చుకోవాలి.

అన్నీ సరిచేశాక మెషిన్ బాగుంది, నాకైతే ముందుకన్నా చురుగ్గా అనిపిస్తోంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. చేతిలో అర్జెంటు పని ఉంటే మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, 22.04కి కూడా 2027 దాకా టైముంది. రెండు రోజులు ఖాళీ చూసుకుని చేయండి. మీకు ఏ యాప్ అయినా తెరుచుకోకపోతే టెర్మినల్‌లో వచ్చిన చివరి రెండు మూడు లైన్లు ఇక్కడ పెట్టండి, నాకు తెలిసిందైతే తప్పకుండా చెప్తా.