యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్: మాటకు సరే, శ్రుతికి కాదు

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వాక్‌మన్ ఆకారంలో చిన్న డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. క్యాసెట్ పెట్టి, యూఎస్‌బీ తీగను లాప్‌టాప్‌కు గుచ్చితే చాలు. టేపు తిరుగుతున్నంతసేపూ శబ్దం ఫైలుగా మారుతుంటుంది. నాకు రెండు వేల రూపాయల లోపే వచ్చింది. ఏళ్ల తరబడి వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. విజయనగరంలో మా పాటల గ్రూపులో అందరం పంచుకుని వినే రికార్డింగుల్లో చాలా మటుకు ఈ డబ్బాలోంచి వచ్చినవే. కొనమంటారా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. పైన అంటించిన పేర్లు వేరు గానీ చాలా వాటిలో లోపలి సరుకు ఒకే రకం.

మా దగ్గరికి ఎలాంటి క్యాసెట్లు వస్తాయో ముందు చెప్పాలి. సినిమా పాటలు మేం ఎక్కించం. అవి ఇంతకంటే శుభ్రంగా కంపెనీలే పెట్టాయి. మాకు వచ్చేవన్నీ జనం సొంతంగా రికార్డు చేసుకున్నవి. గుడి దగ్గర హరికథ, చవితి పందిట్లో పౌరాణిక నాటకం, ఉత్తరాంధ్ర జానపద కళలైన జముకుల కథ, తప్పెటగుళ్లు, ఇంట్లో పెళ్లికి వాయించిన సన్నాయి, సంగీత కళాశాల కుర్రాళ్ల కచేరీ. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ పాఠం చెప్పారు. ఘంటసాల వారాలు చేసుకుని అక్కడే చదువుకున్నారు. సుశీల గారు పుట్టిందీ ఈ ఊళ్లోనే, నేర్చుకున్నదీ అక్కడే. ఆ గాలి తగిలిన చెవులు ఇంకా వీధికి నాలుగు ఉన్నాయి. డబ్బా లోపాలు నాకంటే ముందు ఆ చెవులే పట్టుకున్నాయి.

మాట ప్రధానంగా ఉన్న టేపులకు దీంతో ఇబ్బంది లేదు. హరికథలో కథ చెప్పే భాగం, నాటకంలో వచనం, ఇంట్లో ముసలామె చెప్పిన పొడుపు కథలు, ఇవన్నీ స్పష్టంగానే వస్తాయి. కాస్త బుసబుసమనే శబ్దం ఉంటుంది, అంతే. గొడవంతా పాట మొదలయ్యాకే.

శ్రీకాకుళం వైపు నుంచి ఒకాయన వాళ్ల నాన్న వేషం కట్టిన నాటకం టేపు పంపాడు. ఎక్కించి పెట్టాను. సాయంత్రానికి ఆయన దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. ‘మాస్టారూ, పద్యం మా నాన్నదే గానీ గొంతు మా తమ్ముడిదిలాగుందేటండి?’ ఆయన సంగీతం నేర్చుకున్నవాడు కాదు. తండ్రి గొంతు తెలిసినవాడు, అంతే. సాలూరు దగ్గర నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరు మా గ్రూపులోనే ఉన్నారు. ఆయన హార్మోనియం ముందేసుకుని విని, ఇది మెట్టు మీద లేదు, రెండు మెట్ల మధ్యలో ఉంది అన్నారు.

సంగతేమిటంటే, క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. చవక మోటారు ఆ వేగం పట్టుకోలేదు. నా డబ్బా కొంచెం తొందరగా తిప్పుతుంది. వేగం సుమారు 6 శాతం పెరిగితే శ్రుతి హార్మోనియం మీద సరిగ్గా ఒక మెట్టు పైకి పోతుంది. ఒకటి శ్రుతిలో పాడినవాడు ఒకటిన్నరలో పాడినట్టు వినిపిస్తాడు. 3 శాతం పెరిగితే ఏ మెట్టుకూ అందకుండా మధ్యలో వేలాడుతుంది. పెద్దాయన పట్టుకున్నది దాన్నే. డబ్బా లోపల మోటారు వెనక వేగం సరిచేసే చిన్న మర ఉంది. తిప్పాను, కొంత దారికొచ్చింది. బ్యాటరీ మీద ఒక వేగం, యూఎస్‌బీ కరెంటు మీద ఇంకో వేగం ఉండటం మాత్రం మారలేదు. కాబట్టి ఎప్పుడూ ఏదో ఒకదాని మీదే వాడండి.

ఎక్కించాక సరిచేసుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’ అనేది ఉంది, అది వాడాలి. ‘చేంజ్ టెంపో’ కాదు, అది శ్రుతిని ముట్టుకోకుండా నడకను మాత్రమే మారుస్తుంది. ఎంత తగ్గించాలో తెలుసుకోవడానికి నాటకం టేపుల్లో హార్మోనియమే దిక్కు. హార్మోనియం లేని టేపుల్లో కరెంటు హమ్ పనికొస్తుంది. మైకు సెట్టు పక్కన రికార్డు చేసిన వాటిలో పాట వెనక సన్నటి గుయ్యిమనే మోత ఉంటుంది చూడండి, అది. మన కరెంటు 50 హెర్ట్జ్. లాప్‌టాప్ చార్జర్ పీకేసి ఎక్కించి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే ‘ప్లాట్ స్పెక్ట్రమ్’లో సైజు 65536 పెట్టి చూడాలి. హమ్ 52 దగ్గర కనపడితే టేపు 4 శాతం తొందరగా నడిచినట్టు. ఇదీ గుడ్డిగా నమ్మేది కాదు. 1980లలో మన గ్రిడ్ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, లోడు పెరిగితే కిందికి జారేది. రికార్డు చేసిన టేపురికార్డరు కూడా సరిగ్గా తిరిగిందన్న హామీ లేదు. అందుకే లెక్క వేసి సరిచేశాక ఆ గొంతు తెలిసిన మనిషికి ఒకసారి వినిపిస్తాను. ‘ఆఁ, ఇది మా నాన్న’ అని ఆ శ్రీకాకుళం ఆయన అన్నాకే అందరికీ పెట్టాను.

వేగం ఒకే తీరున ఎక్కువుంటే ఇలా దిద్దుకోవచ్చు. దిద్దలేని జబ్బు ఇంకొకటి ఉంది. ఒకే స్వరం మీద సాగదీసి నిలబెట్టినచోట శబ్దం సన్నగా ఊగుతుంది. క్యాప్‌స్టన్ అనే చిన్న ఇరుసు, దాన్ని ఒత్తే రబ్బరు చక్రం సమంగా తిరగకపోవడం వల్ల వచ్చేది అది. సినిమా పాటలో అయితే తబలా, కోరస్ మధ్య కలిసిపోతుందేమో. మన సంగీతంలో కుదరదు. గమకం అంటేనే స్వరాన్ని ఊపడం. ఆ ఊపు ఎంత, ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదాంట్లోనే విద్వత్తు ఉంటుంది. అందులోకి మోటారు తన ఊపు కలిపితే విన్నవాడు ఎవర్ని మెచ్చుకోవాలి, ఎవర్ని తిట్టాలి? ఒక వయొలిన్ కచేరీ ఎక్కించి పెడితే, కళాశాలలో నేర్చుకున్న మాస్టారు ఒకాయన ‘ఈ శంకరాభరణానికి ఇంత వణుకేమిటండీ, ఎవరు నేర్పారు?’ అని రాశారు. వాయించినాయన బతికే ఉన్నారు, చదివితే నొచ్చుకునేవారు. అదే టేపును మంచి డెక్కులో, అంటే స్టీరియో సెట్లలో ఉండే పెద్ద క్యాసెట్ ప్లేయర్‌లో వేసి మళ్లీ ఎక్కిస్తే షడ్జం, అంటే ‘స’, గీత గీసినట్టు నిలబడింది. మాస్టారు తన మాట వెనక్కి తీసుకుని, రెండో సంగతి (అదే పంక్తిని మార్చి వాయించే తీరు) గురించి ఈసారి చాలాసేపు మెచ్చుకుంటూ రాశారు.

అప్పటినుంచి మా దగ్గర ఒక కట్టుబాటు. పాట పెట్టేవాడు ఏ యంత్రంలో ఎక్కించాడో, వేగం దిద్దాడో లేదో, బుసబుస తగ్గించాడో లేదో కిందనే రాయాలి. అభిప్రాయం రాసేవాడు గొంతును, టేపును విడివిడిగా చూడాలి. ‘సూపర్ సార్’లూ దండం బొమ్మలూ ఎన్ని వచ్చినా పెట్టినవాడికి ఒరిగేదేం లేదు. ‘పన్నెండో నిమిషం దగ్గర కుడి చెవిలో శబ్దం పోయింది, హెడ్డు తుడిచి మళ్లీ వేయండి’ అన్నవాడి మాటతో పని జరుగుతుంది. హెడ్డు అంటే టేపు మీది శబ్దాన్ని చదివే ముక్క. ‘ఈ జముకుల కథలో వంత పాడుతున్నది ఫలానా ఊరాయన’ అని గుర్తుపట్టినవాడైతే మాకు దేవుడు. టేపు మీద రాయని పేర్లు అలాగే దొరికాయి.

బుసబుస తగ్గించే విషయంలో జాగ్రత్త. ఆడాసిటీలో ‘నాయిస్ రిడక్షన్’కు ముందుగా బుసబుస మాత్రమే ఉన్న ముక్క చూపించాలి. చాలామంది పాట మొదలవడానికి ముందున్న ఖాళీని చూపిస్తారు. కచేరీల్లో అక్కడ తంబురా మోగుతూ ఉంటుంది! సాఫ్ట్‌వేర్ దాన్నే చెత్త అనుకుని మొత్తం కచేరీలోంచి తంబురాను పీకేస్తుంది. మిగిలిన గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. తంబురా మోగని చోటు టేపులో వెతికి పట్టుకోవాలి. దొరక్కపోతే ముట్టుకోకపోవడమే మంచిది. దొరికినా 6 డెసిబెల్స్ మాత్రమే పెడతాను నేను. తప్పెటగుళ్ల టేపులకైతే అసలు వాడను. ఆ గజ్జెల చప్పుడు, రేకు తప్పెట మీద దెబ్బ, అన్నీ మొద్దుబారిపోతాయి.

ఫైలు సైజుల సంగతి టూకీగా. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో వేవ్ ఫైలు నిమిషానికి 10 ఎంబీ పైన అవుతుంది. 90 నిమిషాల క్యాసెట్ ఒక పక్కకే 475 ఎంబీ దాకా వస్తుంది. దాచుకోవడానికి ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మార్చుకోండి, నాణ్యత పోకుండా బాగా తగ్గుతుంది. పంచుకోవడానికి 192 కేబీపీఎస్ ఎంపీ3 చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పెట్టండి. ఫోను స్పీకరు దగ్గర పెట్టి వాయిస్ మెసేజ్‌లో పాట పంపేవాళ్లకు నేను జవాబివ్వడం మానేశాను.

డబ్బా మన్నిక ఫరవాలేదు. మూత కొక్కెం ముందు విరిగింది, రబ్బరు బ్యాండుతో నడుస్తోంది. ఆటో రివర్స్ నమ్మదగ్గది కాదు, ఒక పక్క అయిపోగానే చేత్తోనే తిప్పండి. నా డబ్బాలో వాల్యూమ్ చక్రమే రికార్డింగ్ స్థాయిని కూడా మారుస్తుంది. అతి పెద్ద శబ్దం దగ్గర మీటరు మైనస్ 6 దాటకుండా పెట్టి, ఆ చోట పెన్నుతో గీత గీసుకున్నాను. నాటకంలో హీరో రాగం ఎత్తుకునేచోట శబ్దం పగిలిందంటే తర్వాత ఎవరూ అతకలేరు. రెండు మూడు క్యాసెట్లకోసారి హెడ్డును, రబ్బరు చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. బుసబుస తగ్గించే డాల్బీ పద్ధతి ఇందులో లేదు కాబట్టి డాల్బీతో రికార్డు చేసిన టేపులు కాస్త కీచుగా వినిపిస్తాయి.

మన తీరంలో అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనపడితే ఏ ప్లేయర్‌లోనూ పెట్టకండి, మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సోంపేట వైపు ఒక ఇంట్లో ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగి క్యాసెట్లన్నీ బురదయ్యాయి. మరలున్న వాటిని విప్పి, టేపు చుట్టను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడన రోజుల తరబడి ఆరబెట్టి, వేరే డొల్లలోకి మార్చాం. అన్నీ దక్కలేదు. దక్కినవాటిని మొదటిసారి తిప్పింది ఈ చవక డబ్బాలోనే. పాడైతే పోయేది రెండు వేలే కదా. ఆ పనికి మాత్రం దీన్ని మించింది లేదు.

ఇంకో మాట, హక్కుల గురించి. ఇంట్లో టేపు ఉంది కదా అని పాట మనదైపోదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, ప్రదర్శన ఇచ్చిన కళాకారుడి హక్కు 50 ఏళ్లు. సాహిత్యానికి, బాణీకి అది రాసినవాళ్లు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. మేం కళాకారుడినో, ఇంటివాళ్లనో అడక్కుండా ఏదీ పెట్టం. ఇప్పటిదాకా వద్దన్నవాళ్లు తక్కువ. అడిగినందుకే సంతోషపడి ఇంకో పెట్టె తెచ్చి ఇచ్చినవాళ్లు ఎక్కువ.

అయితే కొనాలా? మీ దగ్గరున్నవి మాటల టేపులైతే, లేదా పాత పెట్టెలో ఏ క్యాసెట్‌లో ఏముందో విని చీటీలు అంటించుకోవాలనుకుంటే కొనండి. నేనిప్పుడు ఎక్కువగా వాడేది చీటీలకే. వయొలిన్, వీణ, సన్నాయి, నిలబెట్టి పాడే పద్యం ఉన్నాయంటే ఆ డబ్బు పాత డెక్కు మీద పెట్టండి. బెల్టులు సాగిపోయి ఉంటాయి, వాటిని మార్చే మెకానిక్కులు విజయనగరంలో, శ్రీకాకుళంలో ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. డెక్కు వెనక ఎరుపు తెలుపు సాకెట్ల నుంచి తీగ తీసి, లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు కలపాలి. లాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చకండి, చాలా వాటిలో అది మోనో. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న మరను ప్రతి టేపుకూ సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పి, తాళాల చప్పుడు బాగా తేటగా వినిపించినచోట ఆపాలి. డెక్కు కొనేటప్పుడు తెలిసిన పాట ఉన్న క్యాసెట్ ఒకటి పట్టుకెళ్లండి. నిలబెట్టిన స్వరం ఊగుతోందేమో అక్కడే వినండి. కరెంటు లేదు, ఇంటికెళ్లి చూసుకోండి అన్నవాడి దగ్గర కొనకండి.